నాగలియు పట్టాయు

2018 వ సంవత్సరము మే నెలలో ప్రభుత్వమువారి చెక్కు ఒకటి మా చేతికి వచ్చినది. అది పండ్రెండువేల రూపాయల చెక్కు. మా స్వగ్రామమున మాకు పిత్రార్జితమైన మూడెకరముల చెలక గలదు. పంటకు పెట్టుబడిగా ఎకరమునకు 4,000 రూపాయల చొప్పున తెలంగాణ ప్రభుత్వము "రైతు బంధు" అను పేర ఆ సొమ్ము నొసగినది. పుచ్చుకొన్నప్పుడు మాకు సంతోషమే కలిగినది. సందేహ మేమియు కలుగలేదు. మేము పాఠశాలలో జీతము దీసికొని జీవించువారము. మేడి పట్టి యెఱుగము. ఆ చెలకను ఏడెనిమిది యేండ్లుగా ఒక కౌలుదారుడు దున్నుచున్నాడు. ప్రతి వానకాలమున పత్తి విత్తుచున్నాడు. పంట పండినను ఎండినను మాకు కౌలు చెల్లించుచున్నాడు.

ఆ యేడు అతడు కౌలు సొమ్ము దెచ్చి యిచ్చి, పోవుచు గడపకడ నిలిచి, "సర్కారు చెక్కు వచ్చిందా, సారూ?" అని యడిగెను. వచ్చిన దంటిమి. "మంచిదే, సారూ" అని వెడలిపోయెను. అతడు పాలడుగలేదు, మేమును ఈయలేదు. కాని యా ప్రశ్న మా యింటిలోనే నిలిచిపోయినది. పంటకు పెట్టుబడి యని పేరు పెట్టిన సొమ్ము, పెట్టుబడి పెట్టని మాకు వచ్చుట యెట్లు? ఈ చిక్కు నిన్న మొన్న పుట్టినదా, లేక ప్రాతదా? దీనిని దెలిసికొనుటకై కొంత చరిత్రను వెదకితిమి. దొరికినంతవఱకు చదువరుల ముం దుంచుచున్నాము.

ఈ దేశమున రాజు కర్షకునికి సాయము చేయవలెననుట క్రొత్త యూహ గాదు. మైసూరు ప్రాచ్యగ్రంథాలయమున శామశాస్త్రిగారు 1905 లో గుర్తించి 1909 లో ముద్రింపించిన కౌటిల్యుని అర్థశాస్త్రమున, రెండవ యధికరణమునందలి మొదటి యధ్యాయము జనపదములను నెలకొల్పు విధమును జెప్పుచున్నది. రాజు కర్షకులకు ధాన్యమును, పశువులను, ధనమును ఇచ్చి యాదుకొనవలెననియు, వారు వానిని తమకు వీలైన రీతిని సుఖముగా తిరిగి చెల్లింపవలెననియు అందు గలదు. ఈ భాగమును మనవారు సభలయందు తఱచుగా ఉదాహరింతురు. దానికి ముందే యున్న నియమమును మాత్రము ఉదాహరించుట యరుదు. భూమిని దున్నక యుంచినవానినుండి దానిని దీసి దున్నువాని కీయవలెనని యా నియమము. అటుపిమ్మట మూడవ మాట గలదు: కోశమును వృద్ధిచేయు అనుగ్రహములనే రాజు చేయవలెను, కోశమునకు హాని చేయువానిని మానవలెను, ఏలయన కోశము క్షీణించిన రాజు పౌరులనే పీల్చి పిప్పి చేయును.

ఇది శాస్త్రము, ఆనాటి పల్లెలలో ఎంతవఱకు నడచెనో శాస్త్రమును బట్టి చెప్పరాదు. అయినను కౌటిల్యుని లెక్క స్పష్టముగా నున్నది. అతడు దయచేత సాయము చేయుమనలేదు. విత్తు విత్తినవానికి చేరినచో గింజ పెరుగును, గింజ పెరిగినచో కోశము పెరుగును. అందువలననే సాయమును గూర్చిన నియమమును, దున్నువానిని గూర్చిన నియమమును ఒకేచోట కూర్చినాడు. వాని నిప్పుడు విడదీసినది మనము.

విడదీయుట యెప్పుడు మొదలైనదో చూతము. మహమ్మదీయ ప్రభువుల కాలమున ఈ సాయమునకు తకావి యని పేరు వచ్చినది. అరబ్బీ భాషలో ఆ పదమునకు బలము చేకూర్చుట యని యర్థము. ఇంగ్లీషువారును ఆ పేరునే నిలుపుకొనిరి. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును దహించిన మహాక్షామము తరువాత, క్షామవిచారణ సంఘము 1880 లో నివేదిక నొసగినది. అటుపిమ్మట 1883 లో భూమి యభివృద్ధి ఋణముల చట్టమును, 1884 లో వ్యవసాయదారుల ఋణముల చట్టమును వెలువడినవి. మొదటిది నూతులు త్రవ్వుటకును గట్లు వేయుటకును. రెండవది విత్తనములకును ఎడ్లకును. ఇవి యన్నియు అప్పులే. అప్పిచ్చువాడు హామీ యడుగును. పల్లెటూరిలో హామీ యనగా భూమి. కచేరీలో భూమి యనగా కాగితము. కాగితము లేని కర్షకుడు ఇక్కడనే వెనుకబడినాడు.

ఇంతకన్న లోతైన మార్పు ఒక మాటలో జరిగినది. రైతు అను పదము ప్రజ యను అర్థముగల అరబ్బీ పదమునుండి వచ్చినది. మద్రాసు రాజధానిలో మన్రో ప్రభృతులు స్థాపించిన రైతువారీ పద్ధతిలో, పట్టా తన పేర నుండి సర్కారునకు శిస్తు గట్టువాడు రైతు. అతడు తానే దున్నినను, ఇంకొకనిచే దున్నించినను సర్కారు అడుగలేదు. శిస్తు వచ్చిన చాలును. నైజాము రాజ్యమునందును పట్టాదారు వేఱు, అతని క్రింద సాగుచేయు శిక్మీదారు వేఱు అని లెక్కలలో వ్రాయుచు వచ్చిరి. శిస్తు వసూలు చేయుటకు ఈ పద్ధతి యనుకూలమే. పుచ్చుకొనునప్పుడు ఎవరి పేర వ్రాసికొన్నారో, ఇచ్చునప్పుడును వారి పేరనే యిచ్చుట మొదలుపెట్టిన దినమున చిక్కు వచ్చినది.

ఆ చిక్కు ఎంతదూరము పోగలదో చూచుటకు అమెరికా సంయుక్త రాష్ట్రములకు పోవలెను. సర్కారు కర్షకునికి అప్పుగా గాక ఊరకయే సొమ్మిచ్చు పద్ధతి అక్కడ తొంబది యేండ్ల క్రిందనే పెద్దయెత్తున నడచినది. పంటయు మా చెలకలోనిదే, పత్తి.

1929 లో పౌను పత్తికి పదునాఱు సెంట్లకు పైగా పలికిన ధర 1932 నాటికి ఆఱేడు సెంట్లకు దిగినది. (సెంటనగా డాలరులో నూఱవ వంతు, మన భూమి కొలతలోని సెంటు గాదు.) 1933 మే 12 వ తేదీన అధ్యక్షుడైన రూజ్వెల్టు వ్యవసాయ సర్దుబాటు చట్టముపై సంతకము చేసెను. పంట యెక్కువైనందున ధర పడినది గావున, పంటను తగ్గించువానికి సర్కారు పరిహార మిచ్చునని దాని సారాంశము. అప్పటికే ఆ యేటి పత్తి చేలలో మొలిచి యుండెను. కావున ఆ వేసవిలో సుమారు కోటి యెకరముల పత్తిని దున్నించి మట్టిపాలు చేసిరి. సాళ్ల నడుమ మాత్రమే నడువ నేర్చిన కంచరగాడిదలు మొక్కలను ద్రొక్కుటకు మొరాయించెనని అక్కడివారు నేటికిని చెప్పుకొందురు.

అర్కాన్సా రాష్ట్రమునకు తూర్పుభాగమున పాయిన్‌సెట్ అను కౌంటీ యున్నది. కౌంటీ యనగా మన జిల్లా వంటిదే, కాని చిన్నది. అందు టైరొంజా యను చిన్న పట్టణము. దాని చుట్టును పత్తిచేలు. చేల యజమానులు కొందఱు, దున్నువారు పెక్కుమంది. దున్నువారిలో అనేకులకు నేల లేదు, గాడిద లేదు, నాగలియు లేదు. యజమాని భూమిని, విత్తనమును, పనిముట్లను ఇచ్చును. పాలుదారుడు ఆలుబిడ్డలతో గూడ పాటుపడును. పంట చెఱి సగము. కాని యేడాదిపొడుగున తినుటకు వలసిన సరకులను యజమాని దుకాణముననే అరువు దెచ్చుకొనవలెను. లెక్క యజమాని వ్రాయును. పత్తి యేరి తూచునప్పటికి పాలుదారుని సగము ఆ లెక్కలో కరగిపోవును. ఈ వర్ణనము మన చదువరులకు పరదేశపు కథగా తోపదు.

1934, 1935 సంవత్సరముల పత్తి యొడంబడికలో సొమ్ము పంచిన తీరును జూడుడు. పండింపక విడిచిన పత్తికి స్థూలముగా పౌనుకు నాలుగున్నర సెంట్లు. ఇందు మూడున్నర సెంట్లకు భూమి యద్దె యని పేరు పెట్టిరి. అది యంతయు యజమానిదే. మిగిలిన యొక్క సెంటును యజమానియు పాలుదారుడును సగము సగము పంచుకొనవలెను. అనగా తొమ్మిది పాళ్లలో ఎనిమిది యజమానికి, ఒకటి పాలుదారునికి. పంట పండియున్నచో అతనికి సగము రావలసియుండెను. పంట మానినందుకు తొమ్మిదవ వంతు. ఆ వంతైనను యజమాని చేతిమీదుగా రావలెను. పాతబాకీ యని పట్టుకొన్నచో అడుగువాడు లేడు. ఫిర్యాదును వినవలసిన కౌంటీ సంఘములలో యజమానులదే పైచేయి.

అంతటితో పోలేదు. భూమి తగ్గినప్పుడు మనుష్యులను తగ్గించుట యజమానికి లాభము. దీనిని ముందే యూహించి, ఒడంబడిక ఏడవ నిబంధనలో, యజమాని తన కౌలుదారుల సంఖ్యను "సాధ్యమైనంతవఱకు" తగ్గింపరాదని వ్రాసిరి. సాధ్యము కాలేదని చెప్పుటకు యజమానికి ఎంతసేపు పట్టును? పాలుదారుల కుటుంబములు అనేకము గుడిసెలు విడిచి బాటలపై బడినవి.

1934 జూలై నెలలో టైరొంజా సమీపమున ఒక బడిలో పదునెనిమిదిమంది కర్షకులు కూడిరి. అందు పదునొకండుగురు శ్వేతజాతీయులు, ఏడుగురు నల్లజాతీయులు. జాతికొక సంఘమా, లేక అందఱి కొక్కటియా యను ప్రశ్న వచ్చినది. ఐజాక్ షా అను వృద్ధుడు, నల్లజాతీయుడు, లేచి మాటాడెను. 1919 లో అదే రాష్ట్రమున ఎలేన్ అను చోట నల్లజాతి కర్షకుల సంఘమును రక్తపాతముతో నణచివేసిన కథ యతనికి అనుభవమున దెలిసినది. వేఱువేఱుగా నున్నవారిని కొట్టుట సులభమని చెప్పి, ఒకే సంఘమును గోరెను. అట్లు దక్షిణ కౌలుదారుల సంఘము పుట్టినది. జాతిభేదము రాజ్యమేలు ఆ దేశభాగమున, ఒకే బల్లపై ఇరువురిని గూర్చుండబెట్టినది వేదాంతము గాదు. ఒకే విధమైన నష్టము. సభలను చెదరగొట్టిరి, నాయకులను కొట్టిరి, ఇండ్లపై తుపాకులు కాల్చిరి. అయినను సంఘము నిలిచినది.

రాజధానియైన వాషింగ్టనునందు కొందఱికి ఈ మొఱ వినబడినది. సర్దుబాటు శాఖలోని న్యాయాధికారులు, జెరోం ఫ్రాంక్ మొదలగువారు, ఏడవ నిబంధనకు అర్థము సంఖ్యను నిలుపుట మాత్రమే కాదు, ఉన్న కౌలుదారులనే నిలుపుట యని వ్యాఖ్యానించిరి. 1935 ఫిబ్రవరిలో శాఖాధిపతియైన చెస్టర్ డేవిస్ ఫ్రాంకును అతని తోడివారిని కొందఱను తొలగించెను. మంత్రియైన హెన్రీ వాలెస్ దాని కొప్పుకొనెను. 1936 జనవరి 6 న ఆ చట్టమును అక్కడి సుప్రీముకోర్టు కొట్టివేసినది. అదియును కౌలుదారుల గోడు విని గాదు, పన్ను విధించు నధికారమును గూర్చిన తగవులో. తరువాతి చట్టములలో కౌలుదారుని పాలు కొంత పెంచిరి. అప్పుడు పలువురు యజమానులు పాలుదారులను దినకూలివారిగా మార్చివేసిరి. కూలివానికి పాలీయ నక్కఱలేదు గదా. సర్కారు సొమ్ముతో ట్రాక్టరులు వచ్చెను. ట్రాక్టరులు వచ్చినచోట గుడిసెలు ఖాళీ యయ్యెను.

సొమ్మునకు హద్దు పెట్టుటకును ప్రయత్నించిరి. 1970 చట్టము ఒక పంటకు ఒకరికి 55,000 డాలర్లకు మించి యీయరాదన్నది. వెంటనే ఒక్కొక్క కమతము కాగితముపై పలువురు కర్షకుల కమతములుగా చీలిపోయినది. దీనిని అరికట్టుటకు 1987 లో మరల చట్టము చేయవలసి వచ్చినది. కాగితమునకు సొమ్మిచ్చినచోట కాగితములే విరివిగా పండును.

ఇక మన నేలకు వత్తము. తెలంగాణ ప్రభుత్వము 2017 సెప్టెంబరులో భూమి లెక్కల ప్రక్షాళనము మొదలుపెట్టి, ఆ లెక్కల యాధారముతో 2018 మే 10 న హుజూరాబాదు ప్రాంతమున రైతు బంధును ప్రారంభించినది. ఆ యేటి ఆదాయవ్యయ పట్టికలో దీనికై 12,000 కోట్ల రూపాయలు కేటాయించిరి. 2019 లో ఎకరమునకు పంటకు 5,000 రూపాయలు చేసిరి. దీనివలన కలిగిన మేలును దాచుట న్యాయము గాదు. రెండెకరములో మూడెకరములో గలిగి, తామే దున్నుకొను చిన్న పట్టాదారులు లక్షలకొలది గలరు. విత్తునాటికి వడ్డీవ్యాపారి యింటికి పోవు నవస్థ వారిలో ఎందఱికో తగ్గినది. అమెరికాలోవలె పంటను పాడుచేయు మనలేదు. ఎవ్వరిని వెళ్లగొట్టు మనలేదు.

కాని సొమ్ము పాసుపుస్తకమును జూచి వచ్చినది. నూఱెకరము లున్నవానికి నూఱెకరములకును వచ్చినది. పట్టణమున నుండు ఉద్యోగులకు, వర్తకులకు, మావంటి బడిపంతుళ్లకు వచ్చినది. కౌలుదారునికి రాలేదు. 2018 ఆగష్టు 15 న ఆరంభమైన అయిదు లక్షల రూపాయల రైతు బీమాయు పట్టాదారు మరణించినచో నతని కుటుంబమునకే గాని, కౌలుకు దున్నువాడు మరణించినచో లేదు. అదే కాలమున కేంద్రప్రభుత్వము నెలకొల్పిన పీఎం కిసాన్ పథకములో ఏటికి 6,000 రూపాయల సాయమునకు ఆదాయపు పన్ను గట్టువారిని, చిన్న తరగతివారు తప్ప సర్కారు ఉద్యోగులను మినహాయించిరి. కాని యదియు భూమి గల కుటుంబములకే.

కౌలుదారులు ఏటేట మారుదురు, వారి లెక్క వ్రాయుట కుదరదని చెప్పిరి. ఇది కొంత నిజమే. కాని వారి లెక్క ఏల లేకపోయినదో విచారింపవలెను. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టము రక్షిత కౌలుదారులకు గట్టి హక్కులిచ్చినది; ఆంధ్ర ప్రాంతమునకు 1956 లో కౌలు చట్టము వచ్చినది. అవి వచ్చినది మొదలు భూమి గలవారికి కాగితమనిన భయము పట్టుకొన్నది. కౌలు నోటిమాటయైనది. కౌలుదారుని రక్షింపబోయిన చట్టము, యజమానుల భయమువలన, అతనిని అదృశ్యుని చేసినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2011 లో సాగుదారులకు ఋణార్హత కార్డుల నొసగుటకు చట్టము చేసిరి; తెలంగాణమునందు అది క్రమముగా మూలబడినది. పూర్వపు పహాణీలో సాగు చేయువాని పేరు వ్రాయుటకు ఒక గడి యుండెడిది. 2020 లో వచ్చిన ధరణి లెక్కలలో అదియు మాయమైనది. ఆంధ్రప్రదేశమున 2019 లో సాగుదారు హక్కుపత్రముల చట్టము చేసి, ఆ యేడే రైతు భరోసా పథకమున షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులు, అల్పసంఖ్యాకులకు చెందిన కౌలుదారులను చేర్చుకొనిరి. మంచి యడుగే, కాని యా పత్రమునకు యజమాని సంతకము గావలెను. తెలంగాణమున 2025 జనవరి 26 నుండి పేరు రైతు భరోసా యైనది, సొమ్ము పంటకు ఎకరమునకు 6,000 రూపాయలైనది; అప్పుడును పాసుపుస్తకమే ప్రమాణముగా నిలిచినది.

దీనికి మావంటివారు చెప్పు పూర్వపక్షములు మూడు. భూమి మాది గావున సాయము మాది యనునది మొదటిది. భూమి మాదే, దానికి ప్రతిఫలముగా కౌలు పుచ్చుకొనుచునే యున్నాము. విత్తనము, ఎరువు, మందు, కూలి యను పేర వచ్చిన సొమ్ము విత్తనము కొననివానికి ఏల? కౌలుదారునికి సొమ్మిచ్చినచో యజమాని కౌలును అంతమేర పెంచునని రెండవది. ఇందు సత్యమున్నది, అమెరికా కథయు అదియే చెప్పుచున్నది. సొమ్ము మాత్రమిచ్చి, కౌలునకు కాలపరిమితియు కాగితమును ఈయకున్నచో సాయము నిలువదు. కాని యజమానికి సొమ్ము వచ్చిన యేడు మా యూరిలో ఎవ్వరును కౌలు తగ్గింపలేదు. పెంచుటకు మాత్రమే పనిచేయు న్యాయము న్యాయము గాదు. కాగితము వ్రాసినచో భూమి పోవునని మూడవది. ఆంధ్రప్రదేశపు 2019 చట్టము పదునొకండు నెలల యొడంబడికయే యన్నది. దానివలన భూమిపై హక్కు పుట్టదనియు స్పష్టముగా జెప్పినది. భయము చట్టముకన్న ముసలిది గావున మెల్లగా చచ్చును.

మా సంగతి చెప్పి ముగింతుము. మూడు పంటల సొమ్మును మేమే వాడుకొంటిమి. నాలుగవ పంటనాడు, కౌలులో అంతమేర తగ్గించి యిమ్మని ఆ కౌలుదారునికి కబురంపితిమి. అతడు సంతోషింపక, మఱునాడే వచ్చి, "చెలక ఇంకెవరికన్న ఇస్తున్నరా, సారూ?" అని యడిగెను. మా నోట దయ యను మాట వినుటకు అతనికి అలవాటు లేదు. తొలగించుటకు ముందు చెప్పు తీపిమాట యనుకొనెను. అప్పుడు మాకు దెలిసినది, అతనికి కావలసినది మా యౌదార్యము గాదు, వచ్చే యేడును ఆ చేనిలో నుందునను నమ్మకము. స్టాంపు కాగితముపై మూడేండ్ల కౌలు వ్రాయ నిశ్చయించితిమి. మా యన్నగారు కోపించిరి. "నాయనగారు ఎన్నడైన ఇట్టి కాగితము వ్రాసినారా?" అనిరి. వ్రాయలేదు. మేము వ్రాసితిమి. భూమి మా పేరనే యున్నది. కాగితము గడువు తీరగా మరల వ్రాసితిమి.

మేము చేసినది గొప్ప కార్యము గాదు. మూడు పంటలు ఆలసించి చేసినది. చట్టము చేయవలసిన పని చట్టమే చేయవలెను. ఒక్కొక్క యింటి మంచితనముపై లక్షలమంది బ్రతుకు నిలువరాదు. అయినను చట్టము వచ్చువఱకు ఈ పత్రికను జదువు ఇండ్లలో అనేకము మా యింటివంటివే. ఊరిలో కొంత భూమి, పట్టణమున ఉద్యోగము, బ్యాంకిలో ఖాతా. ఈసారి ఆ సొమ్ము ఖాతాలో జమయైన దినమున, ఆ యేడు ఆ భూమిని ఎవరు దున్నిరో, వారి పేరేమో, ఇంటిలోని పిల్లలకు చెప్పుడు. చెప్పలేని యింట మొదట ఆ పేరు దెలిసికొనుడు.